మసి పడని బుధవారం

ఆ లాండ్రీ మేడ మీదికి మెట్లెక్కగానే ఎదురుగా గోడ మీద ఎర్ర రంగుతో ఒక ఆజ్ఞ రాసి ఉంటుంది: "కార్ల ఓడ వచ్చిన రోజు ఆరేయకూడదు." రాసింది లాండ్రీ యజమానురాలే. రాసి ఇరవై ఏళ్లయింది. రేవు అక్కడికి కూతవేటు దూరం. వేల కార్లను కడుపులో పెట్టుకుని సముద్రాలు దాటి వచ్చే ఓడలు రేవులో ఉన్నంతసేపూ పొగగొట్టాల నుంచి మసి రాలుతూనే ఉంటుంది. గాలిలో ఉండగా కంటికి ఆనదు. తెల్ల దుప్పటి మీద పడ్డాక మాత్రం మిరియాల పొడి చల్లినట్టు కనబడుతుంది.

ఒకే ఒక్కసారి ఆ ఆజ్ఞను ఆవిడే మీరింది. ఎండ బంగారంలా ఉంది కదా అని ఆస్పత్రి దుప్పట్లు పైన ఆరేసింది. సాయంత్రానికి కట్టలన్నీ వెళ్లిన దారినే తిరిగొచ్చాయి. ఇంకోసారి ఇలా జరిగితే వేరే లాండ్రీ చూసుకుంటామని ఆస్పత్రి స్టోరు గుమాస్తా ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదే ఆవిడకు ఎక్కువ మంటెక్కించింది. అప్పటినుంచీ ఓడ వచ్చిందంటే దుప్పట్లన్నీ కింద గదిలో, ఫ్యాన్ల కింద, ఇరుకు తాళ్ల మీద.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఓడల చదువు చదువుతానంటే ఏ తల్లికి ఒళ్లు మండదు? లోకంలో ఇన్ని ఉద్యోగాలుండగా మన దుప్పట్లు పాడుచేసేవాళ్లలోనే చేరతావా అని నిలదీసింది. కూతురు తొణకలేదు.

"లోపలికి వెళ్తేనే కదమ్మా ఆ పొగ ఆపగలిగేది" అంది.

తల్లి ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వును కూతురు మరిచిపోలేదని ఆవిడకు తెలుసు, ఎందుకంటే తనూ మరిచిపోలేదు.

ఆరేళ్ల తర్వాత ఆ పిల్ల ఫోన్ చేసింది. కొత్త కార్ల ఓడలో ఎలక్ట్రికల్ ఇంజినీరుగా వస్తోందట. ఆ ఓడ నడిసముద్రంలో గ్యాసుతో నడుస్తుందట, రేవు దగ్గరికి రాగానే ఇంజిన్లు ఆపేసి బ్యాటరీల మీద లోపలికి వస్తుందట, గట్టుకు కట్టేశాక అక్కడి కరెంటే తీసుకుంటుందట. ఆ బ్యాటరీల గది మొత్తం ఈ పిల్ల చేతిలోనే ఉందట. అన్నీ చెప్పి, చివర్లో ఒక్క కోరిక కోరింది.

"బుధవారం వస్తున్నామమ్మా. ఆ రోజు మేడ మీద ఆరెయ్యి."

కోరడానికేం, కోరుతుంది. బుధవారం ఆస్పత్రి కట్టలు వెళ్లే రోజు. రెండు వందల దుప్పట్లు. ఆరేస్తే ఆస్పత్రి చేజారిపోవచ్చు. ఆరేయకపోతే, కన్న తల్లే నమ్మలేదని ఆ ఖాళీ తాళ్లు ఓడ మీదివాళ్లందరికీ చాటి చెబుతాయి. కౌంటర్ చూసుకునే చెల్లెలు మధ్యేమార్గం చెప్పింది. సగం పైన, సగం కింద ఆరేస్తే ఏదో ఒక సగం దక్కుతుందంది. కూతుర్ని సగం నమ్మడమేమిటని ఆవిడ కసిరింది. కసిరిందే గాని, మంగళవారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

బుధవారం పొద్దున్నే రెండు వందల దుప్పట్లూ తన చేత్తో పైన ఆరేసి, క్లిప్పులు పెట్టి, పిట్టగోడ దగ్గర నిలబడింది. తొమ్మిదింటికి ఓడ కనబడింది. కిటికీలు లేని పన్నెండంతస్తుల మేడ కదిలొస్తున్నట్టుంది.

"అక్కా, పొగ లేదేంటి?" అంది చెల్లెలు. "ఇంజిన్ పాడైపోయినట్టుంది."

ఆవిడ పిట్టగోడ మీదికి వంగి చూసింది. ఇన్నేళ్లుగా పొగ వస్తేనే ఓడ నడుస్తున్నట్టు గుర్తు. ఫోన్లో విన్నదంతా ఆ ఒక్క మాటతో బుర్రలోంచి ఎగిరిపోయింది. దుప్పట్లూ వద్దు, ఆస్పత్రీ వద్దు, ఆ ఇనప కొండ లోపల పిల్ల క్షేమంగా ఉంటే చాలనుకుంది. ఓడ మాత్రం ఈ అక్కచెల్లెళ్ల కంగారు తనకేం పట్టనట్టు, చప్పుడు లేకుండా వచ్చి గట్టును ఆనుకుంది. తాళ్లు పడ్డాయి. వెనక తలుపు దిగింది. కార్లు ఒక్కొక్కటీ బయటికి రాసాగాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, పొగ లేకపోవడమే కదా తన కూతురు చేసిన పని! చెల్లెల్ని నాలుగు తిట్టి, తనే నవ్వుకుంది.

తెల్ల గుడ్డ తడిపి తాడు వెంట ఈ చివరినుంచి ఆ చివరికి తుడిచి చూడడం ఆవిడ పరీక్ష. గంటకోసారి తుడిచింది. ప్రతిసారీ గుడ్డ ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది. మూడింటికి గుమాస్తా వ్యానుతో వచ్చాడు. పై దుప్పటి విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు, ఆనక రేవు వైపు చూశాడు.

"ఓడ వచ్చినట్టుందే?"

"వచ్చింది. మా అమ్మాయిది."

ఇరవై ఏళ్లలో ఆవిడ అంత పొట్టి జవాబు ఎవరికీ ఇవ్వలేదు. గుమాస్తా కట్టలు ఎక్కించుకున్నాడు.

సాయంత్రం కూతురు వచ్చింది. గ్రీజు చేతులు వీపు వెనక దాచుకుని మెట్ల దగ్గరే ఆగిపోయింది. లోపల బ్యాటరీల గదిలో ఉంటే మేడ కనబడదట. అందుకని ఓడ నడిపే అధికారిని వాకీటాకీలో అడిగిందట, గట్టు దగ్గర ఒక మేడ మీద ఏమైనా కనబడుతోందా అని. మేడంతా తెల్లగా ఉందని ఆయన చెప్పాడట.

"ఓడకు లేని మసి నీ చేతులకెందుకే" అంటూనే తల్లి ఆ చేతుల్ని లాక్కుని తన భుజాల మీద వేసుకుంది. "ఆ రోజు నవ్వాను. తప్పు నాదే. ఈ రోజు ఎంత గర్వంగా ఉందో నాకు చెప్పడం రావట్లేదు."

గోడ మీది రాత చెరిపేద్దామని చెల్లెలు ఉత్సాహపడింది. ఆవిడ ఒప్పుకోలేదు. రేపు రాబోయేది పాత ఓడే, దాని మసికి మొహమాటం లేదు. ఎర్ర రంగు డబ్బా తెప్పించి, కూతురు చేత పట్టించి, పాత ఆజ్ఞ కింద మరో వరుస రాసింది: "మా అమ్మాయి ఓడ అయితే ఆరేయొచ్చు."

కూతురు అది రెండుసార్లు చదువుకుంది. "ఇలాంటి ఓడలు ఇంకా కడుతున్నారమ్మా. కింద కాస్త చోటుంచు."

"రానీ," అంది తల్లి, బ్రష్ డబ్బాలో ముంచుతూ. "గోడ బోలెడుంది."