మార్పిడి రోజు

ఓరెస్ట్ ఇంట్లో మేడమీది గది ఎప్పుడూ ఎవరో ఒక కుర్రవాడిది. కార్విన్ ఊళ్ళో మంచు మీద ఆడే హాకీ జట్టు ఊరందరిదీ. ఆడేవాళ్ళు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్ళ తిండీ పడకా ఊళ్ళోవాళ్ళే చూసుకోవాలి. మీసాలు రాకముందు వస్తారు, ఇరవై దాటగానే వెళ్ళిపోతారు. ఆ వయసు దాటినవాణ్ణి జట్టులో ఉంచుకోరు. ఈలోగా ఏ కాలేజీ అయినా పిలిచి, మా మంచు మీద ఆడు, చదువు మేం చెప్పిస్తామంటే పిల్లవాడు ఒడ్డున పడ్డట్టు. ఎవరూ పిలవకపోతే స్కేట్లు మెడలో వేసుకుని ఇంటికి పోవడమే.

ఎమ్మెట్‌కు అది ఆఖరి చలికాలం. ఇంకా ఎవరూ పిలవలేదు.

వాడిది దేశానికి తూర్పు కొసన, సముద్రంలో ఉన్న దీవి. తండ్రి లేడు. తల్లి చేపల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. వచ్చిన కొత్తలో వాడు గేటు దగ్గర నిలబడి, ఎటు చూసినా మంచే ఉన్న ఆ పొలాలను చూసి, ఇంత ఖాళీలో మీకు దారెలా తెలుస్తుందని అడిగాడు. ఓరెస్ట్ కాసేపు ఆలోచించి, తెలియని రోజు ఇంట్లోనే ఉంటామన్నాడు. వాడు నవ్విన నవ్వుకు స్టెఫా వంటింట్లోంచి బయటికొచ్చింది. మొగుడి మాటకు ఎవరైనా నవ్వడం ఆవిడ విని చాలా కాలమైంది. ఆ వారం తిరక్కుండానే వాడు ఓరెస్ట్‌ను గీదో అనడం మొదలుపెట్టాడు. ఆ ఇంటి భాషలో తాత అని.

పశువుల దగ్గర బతికినవాడు కాబట్టి ఓరెస్ట్‌కు చూడడం అలవాటు. ఆట ఉన్న రోజు వాడు సగం కంచంలోనే లేస్తాడు. ఓడిన రోజు ఎవరూ చెప్పకుండానే గిన్నెలు కడుగుతాడు. పొద్దున్నే లేచి, తొట్టిలో గడ్డకట్టిన నీళ్ళను గొడ్డలి మడంతో పగలగొట్టి ఆవులకు దారి చేస్తాడు. ఆట జరిగే మంచు రింక్‌లో ఓరెస్ట్ ఎప్పుడూ మూలనే కూర్చునేవాడు. బంతికి బదులు వాళ్ళు కొట్టే బిళ్ళ తన దగ్గరికి రాకముందే ఎమ్మెట్ ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. ఎవడు ఎటునుంచి వస్తున్నాడో ఆ ఒక్క చూపుతో పట్టేస్తాడు. జట్టులో ఇంకెవరూ ఆ పని చెయ్యరు. మూడు చలికాలాలు చూస్తూ వచ్చిన ఆ సంగతి ఓరెస్ట్ ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా. ఆ ఊళ్ళలో తన పంటను, తన దూడను, తన పిల్లవాణ్ణి ఎవరూ నోరు తెరిచి పొగడరు. ఎలా ఉందంటే పర్లేదంటారు. అంతకన్నా మాట్లాడినవాణ్ణి చూసి పక్కవాళ్ళు ఇబ్బందిగా టోపీ సర్దుకుంటారు.

చలికాలంలో ఓరెస్ట్ భయపడేది ఒక్క రోజుకే. క్రిస్మస్ వెళ్ళాక జట్లవాళ్ళు పిల్లల్ని మార్చుకుంటారు. ఇక్కడివాణ్ణి అక్కడికిచ్చి అక్కడివాణ్ణి తెచ్చుకుంటారు. దానికొక గడువు రోజు ఉంటుంది. ఆ సాయంత్రం దాటితే ఎవరి పిల్లలు వాళ్ళకే. ఎమ్మెట్ కంటే ముందు ఆ గదిలో డెవిన్ అనే కుర్రవాడుండేవాడు. మార్పిడి రోజున బడి నుంచి మధ్యాహ్నమే వచ్చి, సంచి సర్దుకుని, స్టెఫాను కావలించుకుని వెళ్ళిపోయాడు. వాడి కోసం పోసిన బీట్‌రూట్ చారు బల్ల మీద ఆవిర్లు కక్కుతూనే ఉంది. స్టెఫా దాన్ని పారబోయలేదు. రాత్రి ఓరెస్ట్ తాగాడు.

ఆ ఏడు, ఓరెస్ట్ వాళ్ళు పాత పంచాంగం ప్రకారం జనవరిలో చేసుకునే క్రిస్మస్ అయిన మర్నాడు, గడువుకు రెండు రోజుల ముందు, రింక్ పక్క కాఫీ కొట్లోకి కొత్తమనిషి ఒకడు వచ్చాడు. పొద్దుటిపూట ఆ పొడుగు బల్ల రైతులది. ఊళ్ళోకెవరైనా కొత్తవాడొస్తే వాళ్ళు జరిగి చోటిస్తారు. ఏం పని మీద వచ్చావని మాత్రం అడగరు. అది మర్యాద కాదు. చెప్పదలచుకుంటే వాడే చెబుతాడు. ఆ మనిషి కోటు విప్పి, కాఫీ తెచ్చుకుని, పిల్లల ఆట చూస్తూ తిరుగుతుంటానని మాత్రం చెప్పాడు. తర్వాత ఓరెస్ట్ వైపు తిరిగాడు.

"పందొమ్మిదో నంబరబ్బాయి మీ ఇంట్లోనే ఉంటాడటగా?"

"ఉంటాడు."

"ఎలాంటివాడండీ?"

ఓరెస్ట్ కాఫీ వైపు చూశాడు. కంచె మీద మోచేతులాన్చి దూడను చూసే బేరగాళ్ళను అతను చిన్నప్పటి నుంచీ ఎరుగును. అమ్మడం ఇష్టం లేని దూడను అమ్మనని చెప్పకూడదు. చెబితే వాడికి ఇంకా ఆశ పుడుతుంది. దానికేదో వంక పెట్టాలి. గిట్ట బాగాలేదనాలి, తంతుందనాలి. తండ్రి చేసేవాడు, తనూ చేశాడు. ఎప్పుడూ తప్పిపోలేదు.

"పర్లేదు," అన్నాడు. కప్పు పక్కకు జరిపి, "మోకాలే. చలికి పట్టేస్తుంది. మనతో చెప్పడు గానీ, మెట్లెక్కేటప్పుడు తెలిసిపోతుంది."

"అలాగా."

"ఇంటి మీద బెంగొకటి. మనిషి ఇక్కడుంటాడు, మనసు ఆ దీవిలో ఉంటుంది. దూరం పంపిస్తే నిలబడే రకం కాదు."

పక్కనున్న నెస్టర్‌ది అవతలి పొలం. అతనికి సంగతి అర్థమై మీసం తుడుచుకున్నాడు. "తిండి దగ్గర మాత్రం ఏ బెంగా లేదండోయ్. పోయినసారి మా ఇంటికొచ్చి, మా కుక్కకు కూడా మిగల్చకుండా మొత్తం ఊడ్చేశాడు," అన్నాడు. బల్లంతా నవ్వింది. కొత్తమనిషి కూడా కొంచెం నవ్వి, కాఫీ తాగి, అందరికీ తలూపి వెళ్ళాడు. బయట అతని బండి కదిలాక నెస్టర్, "ఈ బేరం కుదిరినట్టు లేదే," అన్నాడు. ఓరెస్ట్ ఆ పూట రెండో కాఫీ తాగాడు.

గడువు రోజు ఎమ్మెట్ సాధనకు వెళ్ళి సాయంత్రం మామూలుగా ఇంటికొచ్చాడు. గడియారం గడువు గంట దాటాక స్టెఫా పిండిలో ఆలుగడ్డ ముద్ద పెట్టి ఉడికించే వరెనికి పళ్ళెం నిండా పెట్టింది. వాడు మీగడ వేసుకుని తింటూ, ఈసారి ఎవరూ నన్నడగనైనా అడగలేదు, అంత పనికిరానివాణ్ణా గీదో అని వేళాకోళమాడాడు. ఓరెస్ట్ కూడా నవ్వాడు. ఆ రాత్రి అతనికి మంచి నిద్ర పట్టింది.

మర్నాడు సాధన చూడడానికి రింక్‌కు వెళితే కోచ్ రస్ మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. రస్ ఆ ఊరివాడు కాడు, రెండేళ్ళ కింద వచ్చాడు. ఓరెస్ట్ పక్కన కూర్చోగానే, పిల్లవాడితో ఇంకా అనలేదని ముందే చెప్పి, మొదలుపెట్టాడు. సరిహద్దు అవతలి కాలేజీ నుంచి ఒకాయన వచ్చి మూడాటలు చూశాడట. ఎమ్మెట్ మీద మనసు పడ్డాడట. ఒక్క చోటే ఉంది, ఈ వారమే తేల్చాలన్నాడట. నిన్న ఫోన్ చేసి వద్దన్నాడట.

"ఆట బాగుందన్నాడు. కానీ ఒంట్లో బాగోదని, దూరంలో నిలబడలేడని విన్నానన్నాడు. ఎవరు చెప్పారో మరి," అన్నాడు రస్. "ఇంట్లోవాళ్ళ కంటే ఎవరికి తెలుస్తుంది, ఓరెస్ట్ గారిని అడగండని నేనే పంపించాను. మిమ్మల్ని కలవలేదా?"

కింద మంచు మీద పిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. ఓరెస్ట్ వాళ్ళలో పందొమ్మిదిని వెతుక్కుని చూశాడు. తర్వాత, ఆ మనిషి ఫోన్ నంబరుందా అని అడిగాడు.

ఓరెస్ట్ ఫోన్లో మాట్లాడే మనిషి కాడు. విత్తనాలకైనా స్టెఫాయే చేసేది. ఆ మధ్యాహ్నం అతను వంటింట్లో నిలబడి, టోపీ తియ్యకుండా నంబరు నొక్కాడు. తానెవరో చెప్పాడు.

"నేను అబద్ధం చెప్పానండీ. వాడి మోకాలికేం లేదు. మీరు వేరే జట్టుకు తీసుకుపోతారనుకున్నాను."

ఓరెస్ట్ ఆగలేదు. బిళ్ళ రాకముందే వాడు వెనక్కి చూసే చూపు గురించి చెప్పాడు. ఓడిపోతున్న ఆటలో చివరి నిమిషంలో కూడా వాడు కాలు ఈడ్చడని, చిన్నవాళ్ళకు ఆట కర్రలకు టేపు చుట్టే పద్ధతి నేర్పుతాడని, తొట్టి దగ్గర, గొడ్డలి దగ్గర, గిన్నెల దగ్గర వాడెలా ఉంటాడో చెప్పాడు. బెంగ ఉన్నా మూడేళ్ళలో ఒక్క రోజూ పని ఎగ్గొట్టలేదన్నాడు. స్టెఫా తడి చేతులతో సింకు దగ్గర అలాగే నిలబడిపోయింది. పెళ్ళయ్యాక ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడడం ఆవిడ వినలేదు.

ఆ మనిషి చివరిదాకా విన్నాడు. "ఇది ఆ రోజు చెప్పి ఉంటే బాగుండేదండీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆ చోటు పొద్దున్నే ఇంకో అబ్బాయికి ఇచ్చేశామని, మాట వెనక్కి తీసుకోలేమని, వేరేచోట ఎవరైనా అడిగితే ఈ పేరు చెబుతానని అన్నాడు. ఓరెస్ట్ ఫోన్ గోడకు తగిలించాడు. అది సరిగా కూర్చోలేదు. స్టెఫా వచ్చి సర్దింది.

సాయంత్రం గడ్డి చుట్టలు విప్పుతున్నప్పుడు ఓరెస్ట్ పిల్లవాడికి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫోన్ చేసిన సంగతి కూడా చెప్పాడు. ఎమ్మెట్ గడ్డి ఎత్తే ముళ్ళకర్ర ఆపకుండానే విన్నాడు. ఆవులు మెడలు చాచి గడ్డి లాక్కుంటున్నాయి. ఆ చుట్ట పూర్తయ్యాక వాడు ముళ్ళకర్రను నేలకు గుచ్చాడు.

"నన్నడగాల్సింది," అన్నాడు. "ఒక్క మాట నన్నడగాల్సింది."

"అవును."

"నేనెక్కడికి పోతాననుకున్నావు? ఈ చలికాలం ఇక్కడే ఉందామనే కదా నాక్కూడా. ఎండాకాలమొస్తే ఎలాగూ పోవాలి. అప్పుడెక్కడికి పోవాలన్నదే గదా అసలు సంగతి."

ఓరెస్ట్ తనకు ఒక చలికాలం మిగుల్చుకోవడానికి, వాడికి రాబోయేవన్నీ తీసేశాడు. అది అతనికి అప్పటికే తెలుసు. వాడు ఇంకో చుట్టకు కట్టిన తాడు కోశాడు. పని అయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

సంగతి తెలిశాక రస్ వేరే ఇల్లు చూస్తానన్నా ఎమ్మెట్ గది మారలేదు. బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు, స్టెఫాకు కృతజ్ఞతలు చెప్పాడు, తొట్టి పగలగొట్టాడు. ఓరెస్ట్‌తో అవసరమైనంత మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాద ఓరెస్ట్‌ను తిట్టుకంటే ఎక్కువగా కోసింది. ఆటలో వాడు తగ్గలేదు. మార్చిలో జట్టు ఓడిపోయాక, అదే ఆఖరి ఏడైన పిల్లలు ఆనవాయితీ ప్రకారం అందరికంటే చివర మంచు దిగారు. ఎమ్మెట్ ఇంకా కాసేపు ఉన్నాడు. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతుంటే అవతలి కొసదాకా ఒక్కసారి జారి, తిరిగొచ్చి, గేటు తనే మూసుకున్నాడు. వాడి పేరు ఇంకే కాలేజీవాళ్ళూ అడగలేదు.

విమానాశ్రయం దాకా దారంతా రేడియో గోధుమల ధరలు చెబుతూనే ఉంది. దిగాక వాడు చెయ్యి చాచాడు. ఓరెస్ట్ ఆ చేతిని పట్టుకుని, వదిలి, బండి ఎక్కాడు.

పొలాల్లో మంచు కరిగి బురదయ్యే రోజుల్లో ఒక పొద్దున ఫోన్ మోగింది. స్టెఫా కోళ్ళ దగ్గరుంది. ఓరెస్ట్ తీశాడు. ఎమ్మెట్ తల్లి. మూడేళ్ళు కొడుకును చూసుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పడానికి ఎప్పుడో ఫోన్ చెయ్యాల్సిందట, పనిలో కుదరలేదట.

"ఈ ఏడు ఏ కాలేజీలోనూ ఖాళీల్లేవటగా. వాడు చెప్పాడులెండి," అంది ఆవిడ. "ఒక కాలేజీవాళ్ళతో మీరే ఫోన్లో చాలాసేపు మాట్లాడారట. నా కోసం అంత మాట్లాడాడమ్మా అన్నాడు. మీ గురించి అది ఒక్కటే చెప్పాడు. నేను మర్చిపోనండీ."

ఓరెస్ట్ నోరు తెరిచాడు. చెప్పాల్సింది ఉంది. చెబితే కొడుకు తల్లికి చెప్పకుండా దాచినదాన్ని తను లాగి బయట పడేసినట్టు. చెప్పకపోతే ఆవిడ కృతజ్ఞత తను తీసుకున్నట్టు. అవతల ఆవిడ అతను వింటున్నాడో లేదో అని ఆగింది.

"పిల్లవాడున్నాడా?" అన్నాడు చివరికి.

లేడంది. చీకటితోనే మేనమామతో పడవ ఎక్కాడట, సాయంత్రానికి గానీ రాడట. వచ్చాక చెయ్యమననా అని అడిగింది. వద్దులెండి, అలసిపోయి ఉంటాడని ఓరెస్ట్ అన్నాడు.

స్టెఫా గుడ్లతో లోపలికొచ్చి ఎవరని అడిగింది. చెప్పాడు. ఏమన్నదని అడిగింది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. స్టెఫా గుడ్లు ఒక్కొక్కటే తుడిచి బుట్టలో పెట్టింది. అన్నీ అయ్యాక కూడా అతను అక్కడే ఉన్నాడు.