కరెంటు బండి కబురు

పెట్రోలు బండి అమ్మేసి కరెంటు స్కూటర్ కొనాలని పట్టుబట్టింది ముత్తులక్ష్మే. ఆమె భర్త మణిమారన్ ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మనిషి. మదురై శివారు కాలనీలోని ఇంటి నుంచి రోజూ ఊళ్ళమ్మట తిరగాలి. అత్త పేచ్చియమ్మాళ్ మాత్రం కొత్త బండికి పసుపు కుంకుమ పెడుతూనే, "సెల్లులో చూస్తిని. ఇట్లాంటివే దారిలో భగ్గుమంటాయి" అనేసింది. బండి చార్జింగుకు పెట్టినప్పుడల్లా ఆవిడ పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకుని గుమ్మంలో కాపలా కూర్చునేది.

ఆ సాయంత్రం మణిమారన్ తిరుమంగళంలో ఎవరిదో ఫ్రిజ్ చూడ్డానికి వెళ్ళాడు. ముత్తులక్ష్మి అత్తతో కలిసి మునగాకు దూస్తుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందరూ చదివింది తమిళ బడిలో. అందుకే ఫోన్‌లో తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో కొడతారు. ముత్తులక్ష్మి గట్టిగా చదివింది:

"బండి కాలి పోయింది. చేతులు ఒకటే నొప్పి. అమ్మకు చెప్పొద్దు."

చదవడం అయ్యాకే ఆ మాటలు ఆమె బుర్రకెక్కాయి. మునగాకు ఒళ్ళోంచి జారిపోయింది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

"ఎవురికి చెప్పొద్దన్న్యాడు?" అంది పేచ్చియమ్మాళ్.

"మీకే అత్తా."

పేచ్చియమ్మాళ్ గుండెలు బాదుకుంది. "నేను చెప్తినే! అప్పుడే చెప్తినే!" అంత ఏడుపులోనూ ఆ గొంతులో గెలిచిన మనిషి ధాటి వినబడింది.

కేకలు విని పక్కింటి జెనిఫర్ పరుగెత్తుకొచ్చి సంగతంతా విన్నది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఏ గాభరాలోనైనా ముందు ప్రశ్నలడిగే అలవాటు.

"చేతులు కాలినాయంటావు, మరి ఇదంతా ఎట్లా టైప్ చేసినాడే?"

"ఎవురో పుణ్యాత్ముడు చేసిపెట్టినాడేమో అక్కా!"

"ఆ పుణ్యాత్ముడు ఏ ఆసుపత్రో చెప్పలేదే?"

"అతనికీ కాలిందేమో!" అని ముత్తులక్ష్మి ఇంకా పెద్దగా ఏడ్చింది.

జెనిఫర్ తను పనిచేసే ఆసుపత్రికి ఫోన్ కలిపి కనుక్కుంటోంది. పేచ్చియమ్మాళ్ పళని దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. "మురుగా! నా బిడ్డ ఇల్లు చేరితే నీ కొండకొచ్చి గుండు కొట్టిస్తా... నా కోడలికి!"

ముత్తులక్ష్మి చెయ్యి తనకు తెలియకుండానే జడ మీదికి పోయింది. కానీ కాదనలేదు. బండి కొనిపించిన పాపం తనదేనని అప్పటికే ఆమె తీర్మానించుకుంది. వీధిలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరేసరికి దుఃఖం కట్టలు తెంచుకుంది.

"ఒక దినమైనా నా చారు బాగలేదన్న్యాడా అక్కా! నాకు జ్వరమొస్తే వీధంతా చూస్తాండంగా నా చీరలు ఉతికి ఆరేసినాడే! ఆ మనిషిని సోమరిపోతా అని తిడితినే! బంగారట్లా మామను నేనే నిప్పులోకి తోస్తినే!"

గుంపు వెనక నుంచి ఎవరో వెక్కారు. అది మగగొంతు.

అందరూ తిరిగి చూశారు. గేటు దగ్గర మణిమారన్ స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్ళంతా దుమ్ము, కళ్ళనిండా నీళ్ళు.

"ఆపేసినావేం ముత్తూ?" అన్నాడు. "ఇంకా చెప్పు."

ముత్తులక్ష్మి ఒక్క ఉదుటున వెళ్ళి అతని చేతులు తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా ఒక్క బొబ్బ లేదు. "బండి కాలిపోయిందంటివే మామా!"

"కాలడమేంది? గాలి! వెనక టైర్లో గాలి పోయింది. దారెంటా తోసుకొచ్చి చేతులు పడిపోయినాయి. సెల్లులో చార్జీ కూడా అయిపోయె."

జెనిఫర్ ఫోన్ లాక్కుని చూసి తల పట్టుకుంది. "అరవంలో గాకూ కాకూ ఒకటే అక్షరం గదవే! ఈయన గాలి అని రాస్తే నువ్వు కాలి అని చదివితివి!"

"మరి నాకెందుకు చెప్పొద్దంటివిరా?" అని గర్జించింది పేచ్చియమ్మాళ్.

"చెప్తే 'నేను అప్పుడే చెప్తినే' అంటావు గదమ్మా."

ఆవిడ వెంటనే మొక్కు సంగతి గుర్తుచేసి కోడలి జడవైపు చూసింది. గుండు తనే కొట్టించుకుంటానని మణిమారన్ ఒప్పుకున్నాకే ఆ చూపు తిప్పుకుంది.

నవ్వుకుంటూ అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు ముత్తులక్ష్మి నడుం మీద చెయ్యి పెట్టుకుని మొగుణ్ణి నిలదీసింది. "ఎంతసేపటి నుంచి నిలబడి వింటాండావు?"

"చారు కాడి నుంచి."

"నేను అంత ఏడుస్తాంటే పలకాలని తోచలేదా?"

"మనువయినప్పటి నుంచి ఎప్పుడూ విన్లేదు గదా," అన్నాడు మణిమారన్ నెమ్మదిగా. "మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

తిట్టబోయిన ముత్తులక్ష్మికి నవ్వొచ్చింది, ఆ వెంటే మళ్ళీ ఏడుపూ వచ్చింది. కొంగుతో అతని మొహం మీది దుమ్ము తుడిచింది. కాస్త గట్టిగానే తుడిచింది.