కూర్చోకూడని పరీక్ష

పదకొండు రోజుల క్రితం ఆపరేషనైన పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి తీరాలట! అమలమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె కొడుకు ఫిన్నీ గుణదలలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లంటూ పిల్లల్ని బెంచీలకు అతికించేసే కాలేజీ అది. వాడికి వెన్ను చివర, పిరుదుల మధ్య వెంట్రుకలు లోపలికి దిగి చీము పట్టింది. కూర్చోలేకపోతున్నానంటే కాలేజీ వాళ్ళు స్టడీ అవర్లు ఎగ్గొట్టే వేషాలన్నారు. తర్వాత మొలలన్నారు, బిళ్ళలిచ్చి ఐదు నెలలు నెట్టుకొచ్చారు. చివరికి సర్జన్ చెడిన భాగమంతా తీసేసి, పక్కనున్న చర్మాన్ని కొవ్వుతో సహా తిప్పి ఆ గుంట మీద కప్పి కుట్టాడు. మూడు వారాలు కూర్చోకూడదనీ, కూర్చుంటే కుట్లు తెగి మళ్ళీ మొదటికొస్తుందనీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఇంతలో కాలేజీ నుంచి ఫోను. ప్రీఫైనల్ రాయకపోతే హాల్ టికెట్ ఇవ్వరట. కొడుకును ఆటోలో బోర్లా పడుకోబెట్టి తీసుకొచ్చింది.

ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు డిశ్చార్జి కాగితం ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

"మొలల ఆపరేషన్‌కి ఇంత హడావుడేంటమ్మా? దిండేసుకుని కూర్చోమనండి."

"మొలలు కాదండీ! కూర్చుంటే కుట్లు ఊడిపోతాయండీ. నిలబడి రాస్తాడు, ఎత్తు బల్ల ఒకటి ఇప్పించండి చాలు."

"అలాంటి బల్లలు మా దగ్గర లేవు. ఇవాళ ఒకడు నిలబడితే రేపు అందరూ నిలబడతామంటారు. డిసిప్లిన్ ఏం కావాలి?"

గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డ ఫిన్నీ, "పర్లేదు మమ్మీ, కూర్చుంటాలే" అన్నాడు.

ఐదు నెలలుగా ఫోన్లో వాడు పర్లేదనే అంటున్నాడు. తనూ నమ్మింది. తన మీద తనకే అసహ్యమేసింది.

కొడుకును వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోంచి విసురుగా బయటికొచ్చింది. వరండా చివర, రోజూ పొద్దున్నే ప్రిన్సిపాల్ క్రమశిక్షణ గురించి ఉపన్యాసాలు దంచే, ఛాతీ ఎత్తున్న చెక్క పోడియం కనపడింది. కొంగు బిగించి, దాన్ని బరబరా ఈడ్చుకుంటూ పరీక్ష గదిలోకి తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

"అది నా పోడియమమ్మా!" అంటూ ప్రిన్సిపాల్ పరిగెత్తుకొచ్చాడు.

"తెలుసండీ. రోజూ తమరు దీని దగ్గర నిలబడే మాట్లాడతారంటగా? డిసిప్లిన్‌కేమైనా అయిందాండీ? ఇవాళ మా వాడు నిలబడతాడు."

ఇన్విజిలేటర్ ప్రిన్సిపాల్ వైపు ఒకసారి చూసి, ప్రశ్నపత్రం తెచ్చి పోడియం మీద పెట్టింది. ఫిన్నీ పెన్ను మూత తీశాడు.