బండల నడుమ సందు

స్నానాలగది బండల నడుమ సందు మూసెయ్యమని అత్త మార్త చెప్పడం ఆ ఆదివారం పొద్దున మూడోసారి. రెండు దోసిళ్ల సిమెంటు కలిపి మెత్తితే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకంది. పైగా కోడలు రోజంతా బండల పనిలోనే ఉంటుంది కదా, ఆమెకు తెలియని పనా అంది. రెబెక్క పెనం మీద జొన్నరొట్టె తిరగేసింది.

వాళ్ల పెరట్లో స్నానాలగది అంటే గదేం కాదు. నిలువుగా పాతిన నాపబండలు, వాటి సందుల్లో సిమెంటు, ముందో రేకు తలుపు. కప్పు లేదు. తాండూరు చుట్టుపక్కల ఊళ్లల్లో చాలామందికి ఉండేది అదే. పాలిషింగ్ యూనిట్లో పొద్దంతా బండలు మోసి, కడిగి, పేర్చి రెబెక్క నాలుగున్నరకు ఇల్లు చేరేసరికి కనుబొమలతో సహా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ముతో పొయ్యి దగ్గరికి రానివ్వదు మార్త. అందుకని రెబెక్క ఏ వేళకు ఒంటిమీద నీళ్లు పోసుకుంటుందో వాడకట్టంతా తెలుసు.

శుక్రవారం కూడా అదే వేళ. మొహానికి రుద్దుకున్న సబ్బు కడుక్కుని కళ్లు తెరిస్తే, రెండు బండల నడుమ, పీట మీద కూర్చున్న తన ఎత్తుకు సరిగ్గా, ఒక కన్ను. అది రెప్ప కొట్టింది. తడి ఒంటికి చీర చుట్టుకుని బయటికి ఉరికేసరికి వెనకింటి నర్సింహులు పటేల్ కొడుకు మహేష్ ప్రహరీ గోడ దూకుతున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, వచ్చే నెలలో పెళ్లి.

స్నానాలగది వెనక్కి వెళ్లి చూసిందే ఆమెను ఎక్కువ మండించింది. రెండు బండల మధ్య సిమెంటును మేకుతో గీకి గీకి తీశాడు. దాని ముందు కూర్చోడానికో బండముక్క వేసుకున్నాడు. ఆ ముక్క రెబెక్కదే. బట్టలు ఉతుక్కోవడానికి యూనిట్ నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంది. ఈస్టర్‌కు ముందు కనిపించకుండా పోతే, ఇంట్లో వస్తువు ఇంట్లో ఉంచుకోవడం చేతకాదని మార్త వారం రోజులు సాధించింది. ఇప్పుడది ఇక్కడుంది. కదలకుండా కింద చిన్న చిన్న రాళ్లు కూడా పెట్టుకున్నాడు, తీరిగ్గా. ఇప్పుడు ఆగస్టు. అంటే నాలుగు నెలలు.

ఆ నాలుగు నెలల్లో ఒక్కో సాయంత్రాన్నీ ఆమె వెనక్కి తిప్పి చూసుకుంది. మడమల పగుళ్లు రాయితో రుద్దుకున్న రోజు, చంక కింద గడ్డ తడుముకుని భయపడ్డ రోజు, జూన్‌లో తల్లి చనిపోయి పుట్టినూరు బంట్వారం నుంచి తిరిగొచ్చిన రోజు. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉండగలిగే చోటు అదొక్కటే. వంటింట్లో అత్త, ముందుగదిలో మొగుడు, మంచం మీద పిల్లలు. అందుకే తల్లి కోసం ఏడవడానికి నీళ్ల చప్పుడు చాటు చేసుకుని అక్కడే కూర్చుంది. అదీ చూశాడు వాడు. ఒళ్లు చూశాడంటే ఒళ్లు మండుతోంది. ఆ ఏడుపు చూశాడంటే మాత్రం వాణ్ని ఏం చేసినా పాపం లేదనిపిస్తోంది.

మొగుడు డేవిడ్ విన్న వెంటనే అన్న మాట ఆమె చచ్చేదాకా మరిచిపోదు. "నాలుగు నెలల సంది సందు ఉంటె నీకు కనవడలేదా? జర చూసుకోవద్దా?" అన్నాడు. ఉప్పు అయిపోవడం ఆమే చూడాలి, సిలిండర్ అయిపోవడం ఆమే చూడాలి, పిల్లల యూనిఫాం చిరుగులు ఆమే చూడాలి. ఇప్పుడు తనను చూసే కన్ను ఎక్కడుందో కూడా ఆమే చూసుకోవాలి. ఇక మార్త సలహా మార్తది. తెల్లారకముందే లేచి స్నానం చేస్తే ఈ గోల ఉండేది కాదట. నాలుగింటికి లేచే మనిషి ఇంకెన్నింటికి లేవాలో ఆమె చెప్పలేదు.

శనివారం పనికి పోకుండా, యూనిట్లో తనతో జోడీగా బండలెత్తే యాదమ్మను వెంటబెట్టుకుని రెబెక్క పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. కానిస్టేబుల్ దీక్షిత కుర్చీ వేసి కూర్చోబెట్టి అంతా రాసుకుంది. "గోడ దూకి నీ జాగలకొచ్చుడు ఒక నేరం, తానం చేస్తుంటె చూసుడు ఇంకో నేరం అక్కా. చూసినందుకే మొదటిసారి ఏడాదికి తక్కువ గాకుంట మూడేండ్ల దాక పడొచ్చు. సోమవారం పొద్దుగాల సార్‌తోని వస్త. అప్పటిదాక ఆ సందు, ఆ బండ ఎవర్నీ ముట్టనియ్యకు," అంది. చూడడం నేరమని ఒక మనిషి పైకి చెప్పగా వినడం రెబెక్కకు అదే మొదలు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడిచారో లేదో నర్సింహులు పటేల్ దిగాడు. డేవిడ్ ట్రాలీ ఆటో తిరిగేది ఆయన ఎరువుల దుకాణం బస్తాలతోనే. అందుకని కుర్చీ తుడిచి వేశారు, చాయ్ పెట్టమన్నారు. చాయ్ పెట్టింది ఎవరో వేరే చెప్పాలా. పటేల్ గ్లాసు అందుకుంటూ ఆమె మొహం వైపు చూడకుండా డేవిడ్‌తో మాట్లాడాడు.

"ముట్టలే, పట్టలే. చూసినందుకు జైలా? తప్పే, కాదంటలేను. స్లాబు ఏసి, టైల్స్ పెట్టి మంచి బాత్రూం కట్టిస్త. కేసు అని వికారాబాద్ కోర్టు దాక తిరిగితే మీకే పరేషాన్."

పటేల్ మంచి మాటే చెప్తున్నాడని డేవిడ్ తలూపాడు. టైల్స్ అనగానే మార్త కళ్లు మెరిశాయి. అడగాల్సిన మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. రెబెక్క ఎంగిలి గ్లాసులు తీసుకుని, కడిగి బోర్లించి, బిందెలతో నల్లా దగ్గరికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి పెరట్లో తాపీ చప్పుడు. తలుపుకు గడియ బిగించమని మూడేళ్లుగా అడుగుతుంటే చేతికి తీరిక దొరకని మనిషి, పన్నెండేళ్ల కాపురంలో చీపురు ముట్టని మనిషి, తట్టలో సిమెంటు కలుపుకుని శ్రద్ధగా సందు మూస్తున్నాడు. అదీ మహేష్ వేసుకున్న ఆ బండముక్క మీదే కూర్చుని.

రెబెక్క బిందె దించింది.

"లే," అంది.

ఆ గొంతుకు డేవిడ్ లేచాడు. ఆమె పచ్చి సిమెంటును వేళ్లతో తోడేసి, చెంబెడు నీళ్లు కొట్టి కడిగింది. ఆరకముందు సిమెంటు ఎంత సులువుగా వస్తుందో ఆమె కంటే ఎవరికి తెలుసు. సందు మళ్లీ తెరుచుకుంది.

"లోపలికి పో. తానం చెయ్యి."

పిచ్చి లేసిందా అన్నాడు. ఆమె అదే మాట ఇంకోసారి అంది. తిట్లు గొణుక్కుంటూనే రేకు తలుపు తీసుకుని లోపలికి నడిచాడు. రెబెక్క ఆ బండముక్క మీద కూర్చుని సందులో కన్ను పెట్టింది. అంతా కనిపిస్తోంది. పీట, సబ్బుపెట్టె, తను చీర వేసుకునే తాడు, తను ఏడ్చిన మూల. డేవిడ్ అంగీ గుండీలు రెండు విప్పాడు. ఆ కన్ను చూశాడు. మూడో గుండీ మీద చేయి ఆగిపోయింది.

"జర అటు తిరుగు," అన్నాడు, పన్నెండేళ్ల పెళ్లాంతో.

ఆమె తిరగలేదు. రెప్ప కూడా వేయలేదు. అతను మొదట కోపంగా, తర్వాత బేలగా, చివరికి తలవంచుకుని గుండీలు మళ్లీ పెట్టుకున్నాడు. రేకు తలుపు తోసుకుని బయటికొచ్చాడు. పని అయిపోయిందా అనుకుంటూ మార్త కూడా పెరట్లోకి వచ్చింది. పొయ్యి మీద కూర లేదు, పొద్దుటి రొట్టెలు అయిపోయాయి అంది.

రెబెక్క సిమెంటు తట్ట మురుగు మోరీలో బోర్లించి వచ్చి, అదే బండముక్క మీద సందుకు వీపు ఆనించి కూర్చుంది.

"రేపు పొద్దుగాల సార్లొచ్చేదాక నేను ఈడికెల్లి లేవ," అంది. "ఆకలైతే రొట్టెలు మీరు చేసుకోర్రి."