అలుగు మీద వల

మా నాన్నకి చేపలంటే పిచ్చి. తినడం కాదు, పట్టడం. పట్టి, తూచి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేయడం. ఆయన డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు గానీ మెడలో ఈల మాత్రం రిటైరవలేదు. అందుకే అందరూ ఆయన్ని ఈల మాస్టారంటారు. మా డ్యామ్ దగ్గరి గాలాల క్లబ్బుకి ఆయనే ప్రెసిడెంటు.

డ్యామ్ అంటే ఏదో పెద్దది ఊహించుకోకండి. కరెంటు తీయడానికీ కాదు, పొలాలు తడపడానికీ కాదు. వాగుకి అడ్డంగా ఒక మట్టికట్ట, దాని వెనకాల ఓ మోస్తరు నీళ్ళు. సెలవురోజుల్లో జనం వచ్చి పడవలెక్కుతారు, ఈతలు కొడతారు, కట్ట మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. పడవల దగ్గరికి అందరూ ఒకేచోట అడ్డంగా పడి నడవడంతో అక్కడ కట్ట అరిగి పల్లంలా తయారైంది. కట్టకి ఒక చివర సిమెంటు అలుగు ఉంది. నీళ్ళు ఎక్కువైతే కట్ట మీంచి పొర్లకుండా ఆ అలుగు మీంచి దిగి కింద కాలువలో పడిపోవాలి. కాలువ పక్కనే నాలుగైదు ఇళ్ళు, ఆ తర్వాత నర్సరీ అక్క మొక్కల తోట.

ఈ మొత్తానికీ కాపలాదారు మా ఆయన. ఆ ఉద్యోగం ఇప్పించింది మా నాన్న. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

క్లబ్బువాళ్ళు ఎక్కడెక్కడినుంచో చేపపిల్లల్ని తెప్పించి నీళ్ళలో వదిలారు. వానలు పడగానే అవి అలుగు మీంచి జారిపోతున్నాయని మా నాన్నకి నిద్ర పట్టలేదు. "నా పిల్లలు వెళ్ళిపోతున్నారే" అని ఒకటే గోల. నేను అత్తారింటికి వెళ్ళిన రోజున ఆ మనిషి ఇందులో పదో వంతు కూడా బాధపడలేదు. ఒకరోజు దగ్గరుండి అలుగుకి ఈ చివర్నుంచి ఆ చివరికి సన్నకన్నుల వల కట్టించారు. ప్రారంభోత్సవంలా ఈల కూడా ఊదారు.

అలుగుకి ఏదీ అడ్డం కట్టకూడదని మా ఆయనకి తెలుసు. ఆయన ఉద్యోగంలో మొట్టమొదట నేర్పే సంగతే అది. వలకి ఆకులు పట్టేస్తే నీళ్ళు దిగవు, నీళ్ళు దిగకపోతే కట్ట మీంచి పొర్లుతాయి, మట్టికట్ట మీంచి నీళ్ళు పొర్లితే ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. ఇవన్నీ నాకు చక్కగా విడమరిచి చెప్పారు. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

"మామయ్యగారికి నేనెలా చెప్తాను? బాగోదు" అన్నారు.

"కాపలాదారు మీరా, ఆయనా?"

"నేనేలే. అయినా రోజూ నేను ఆకులు తీసేస్తుంటాగా. అలా నడిచిపోతుంది."

అలాగే నడిపించారు. పొద్దునా సాయంత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, చీపురు పట్టుకుని వలకి అంటుకున్న ఆకులూ సీసాలూ లాగి గట్టున పోసేవారు. ఒక్క మాట అనడానికి నోరు రాక, ఆ మాట బదులు అంత చాకిరీ చేసే మనిషిని నేను మరెక్కడా చూడలేదు. చూస్తుంటే ఒళ్ళు మండేది.

ఆగలేక నేనే మా నాన్న దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, ఆ వల తీసేయించు. ప్రమాదమట."

"మీ ఆయన అన్నాడా?"

అవును అంటే సరిపోయేది. కానీ అల్లుడు తన మీద కూతుర్ని ఉసిగొల్పాడని నాన్న అనుకుంటారని నా భయం. "కాదు, నేనే అంటున్నా" అన్నాను.

"నీకేం తెలుసే నీళ్ళ సంగతి! ప్రమాదమైతే అల్లుడే చెప్పేవాడు కదా" అని నవ్వి, గాలానికి దారం చుట్టుకోవడంలో పడిపోయారు. నేనూ ఊరుకున్నాను.

రోజూ నీళ్ళలో నానీ నానీ మా ఆయనకి జ్వరం పట్టుకుంది. అప్పుడే ముసురు కూడా పట్టింది. ఆయన మంచం మీంచే "వల, వల" అని కలవరిస్తుంటే, "నేను చూసుకుంటాలే, అల్లుణ్ణి పడుకోమను" అని మా నాన్న ఫోన్‌లో భరోసా ఇచ్చారు. చూసుకున్నారు కూడా. చేపలు ఒక్కటీ పోలేదని చూసుకుని ఇంటికెళ్ళారు.

రెండోరోజు మధ్యాహ్నం నా మనసు ఆగక గొడుగేసుకుని బయల్దేరాను. దారిలో నర్సరీ అక్క గేటు దగ్గరే పలకరించింది. కుండీలన్నీ వరసగా పెట్టుకుని, వానలో తడుస్తూనే కలుపు తీస్తోంది.

"ఏం చెల్లీ, తమ్ముడికి జ్వరం తగ్గిందా? చూశావా, ఇంత వానకీ కాలువ పొంగలేదు. ప్రతిసారీ నా నారంతా కొట్టుకుపోయేది. ఈసారి తమ్ముడు ఏం చేశాడో గానీ, పుణ్యం కట్టుకున్నాడు" అంది.

నేను కాలువ వైపు చూశాను. రెండు రోజుల వానకి నురగలు కక్కుతూ పారాల్సిన కాలువ, అడుగున రాళ్ళు కనిపిస్తూ సన్నగా పారుతోంది. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడున్నట్టు?

పరిగెత్తాను. వల వలలా లేదు. ఆకులు, కొమ్మలు, సీసాలు, ఎవరో పిల్లలు వదిలేసిన రబ్బరు ట్యూబు, అన్నీ కలిసి గోడైపోయాయి. వెనకాల నీళ్ళు కట్ట అంచుదాకా వచ్చాయి. పడవల దగ్గరి పల్లంలో అప్పటికే సన్నటి ధార కట్ట దాటి, అవతలివైపు మట్టిని కోసుకుంటూ దిగుతోంది.

ఫోన్ చేస్తే ఇద్దరూ వచ్చారు, నాన్న రబ్బరు బూట్లతో, మా ఆయన దుప్పటి కప్పుకుని. మా ఆయన ముందు కట్ట అడుగున ఉన్న తూము తలుపు పూర్తిగా ఎత్తేశారు. అది చాలదని చూస్తూనే తెలుస్తోంది. క్లబ్బువాళ్ళు నలుగురు ఇసకబస్తాలు మోసుకొచ్చి పల్లంలో వేయడం మొదలుపెట్టారు.

"వల కోసెయ్యాలి" అన్నారు మా ఆయన.

"చేపలన్నీ పోతాయి కదయ్యా" అన్నారు నాన్న. అనేశాక ఆయన మొహం ఆయనకే చెల్లలేదు. చేతిలో కత్తి ఉంది గానీ చెయ్యి కదల్లేదు.

"మామయ్యా, మీరు పక్కకి జరగండి."

మా పెళ్ళయినప్పట్నుంచీ మా ఆయన నోట ఆ గొంతు నేను వినలేదు. ఇన్నాళ్ళూ దాన్ని ఎక్కడ దాచుకున్నారో అని ఏడుపొచ్చింది. నా వైపు తిరిగి, "కోసిన వెంటనే నీళ్ళన్నీ ఒక్కసారి కిందకి దూకుతాయి. ముందు నువ్వెళ్ళి కింద అందర్నీ పైకి తీసుకురా" అన్నారు.

ఇంటింటికీ వెళ్ళి తలుపులు బాదాను. జనం పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్ళని నడిపించుకుని బయటికొచ్చారు. నర్సరీ అక్క మాత్రం కదల్లేదు.

"కాలువలో నీళ్ళే లేవు కదా చెల్లీ, ఎందుకు?"

వల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. "వాన ఎక్కువైంది కదక్కా" అన్నాను. ప్రాణం మీదికి వచ్చిన మనిషితో కూడా నేను మా ఇంటి పరువు చూసుకునే మాట్లాడాను. ఆవిడ నన్ను నమ్మి, మారుమాట లేకుండా నా వెనకే వచ్చింది.

అందరూ గట్టెక్కాక మా ఆయన నాన్న చేతిలో కత్తి అందుకుని ఒక పక్కనుంచి వల తాళ్ళు కోయడం మొదలుపెట్టారు. రెండు తాళ్ళు తెగేసరికి మిగతావి వాటంతటవే తెగాయి. నీళ్ళు మట్టిరంగులో కిందకి దూకాయి. కాలువ నిండి, గట్టు దాటి, తిన్నగా నర్సరీలోకి వెళ్ళాయి. కుండీలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తేలిపోయాయి. నారుమళ్ళు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. ఇళ్ళకి ఏమీ కాలేదు. కట్ట నిలబడింది. మనుషులందరూ క్షేమం.

నర్సరీ అక్క వచ్చి మా నాన్న చేతులు పట్టుకుంది.

"మొక్కలదేముంది మాస్టారూ, మళ్ళీ వేసుకుంటాను. ఈ వయసులో వానలో నిలబడి మా ప్రాణాలు కాపాడారు. మీ ఇంటిల్లిపాదికీ దండం పెట్టాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా నాన్న నోరు తెరిచారు. నిజం చెప్తారనుకున్నాను.

"మన పనే కదమ్మా" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. అది కూడా నా అదృష్టంలో లేదు.

"అక్కా, ఆ వల కట్టించింది మేమే" అన్నాను. "చేపలు పోకుండా కట్టాం. నీళ్ళు ఆగింది దానివల్లే. ఇందాక నీతో వాన అని అబద్ధం చెప్పాను."

చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ తిట్టలేదు. తిడితే బతికిపోయేవాళ్ళం. మెల్లగా మా నాన్న చేతులు వదిలేసింది. నాన్న ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెడలో ఈలని పట్టుకున్నారు.

ఆవిడ మా ఆయన వైపు తిరిగింది. "నీకు తెలుసా తమ్ముడూ, ఇలా అవుతుందని?"

జ్వరంతో వణుకుతూ ఆయన తలూపారు. "తెలుసక్కా. అందుకే రోజూ ఆకులు తీసేవాణ్ణి. మామయ్యగారితో చెప్పలేక..."

అది ఇంట్లో వినేటప్పుడు చాదస్తంలా ఉండేది. ఆ తోట ముందు నిలబడి వింటే మాత్రం, అంతకంటే సిగ్గుమాలిన మాట ఇంకొకటి ఉండదనిపించింది.

నర్సరీ అక్క బురదలోకి దిగబోతూ ఆగింది.

"ఆయనతో చెప్పలేకపోతే నాతో చెప్పాల్సింది తమ్ముడూ. నేను నీకు మామగార్ని కాదు కదా" అంది.