భర్త భార్య, ఆమె భర్త, ఆయన భార్య

దీపిక కొలువులో చేరి మూడు నెలలు కావస్తోంది. బోథ్ పత్తి రైతుల సంఘానికి చేసిన, ఫోనులో నింపే ఫారాన్ని ఇవాళ నాలుగింటికి ఆఫీసు పెద్ద కరుణాకర్ సారుకు చూపించాలి. ఆయన మెచ్చితేనే కొలువు నిలుస్తుంది. కరీంనగర్‌లో బిడ్డ గదికి వచ్చిన తల్లి బాలలక్ష్మికి ఆ ముక్క చెవిన పడ్డప్పటి నుంచి మెతుకు దిగలేదు.

"నువ్వు జర నింపి చూడవ్వా," అని దీపిక ఫోను చేతికిచ్చింది. "నేను ఒక్కొక్క డబ్బా పెట్టలే. మనిషంటే ఏమేముంటయో కంప్యూటరుకు ఒక్కపారి రాసిచ్చిన. పేరు, ఊరు, పెనిమిటో పెండ్లామో. అది చదువుకొని ఫారం దానంతటదే తయారైతది."

"దానంతటదే వచ్చేది జరమొక్కటే బిడ్డా," అంది బాలలక్ష్మి.

ఒక్క డబ్బా ఖాళీగా వదిలినా పేరు కొట్టేస్తారని ఆమె భయం. తన పేరు రాసింది, హుస్నాబాద్ అని ఊరు రాసింది. కింద ఫారం భర్త వివరాలు అడిగింది. హనుమండ్లు అని రాసింది. ఆయన కింద భార్య వివరాలు అడిగింది. నేనే కదా అనుకుని మళ్లీ రాసింది. ఆమె కింద మళ్లీ భర్త. డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా. అవి సన్నబడి సన్నబడి వేలు పట్టనంత అయ్యాయి. ఆరో భార్య దగ్గర ఆమె ఆగిపోయింది. ఒక్కతే అయితే ఇన్నిసార్లు ఎందుకు అడుగుతారు? వీళ్లకేదో తెలిసింది.

వెంటనే చేనులో ఉన్న మొగుడికి ఫోను కలిపింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. నీకెందరు పెండ్లాలు?"

"ఒక్కదానితోనే సస్తున్న. ఏమైందే?"

"ఫారం ఊకె పెండ్లాం, పెండ్లాం అని అడుగుతుంది!"

దీపిక ఫోను గుంజుకుని చూసి, నెత్తి పట్టుకుంది. "అయ్యో! పెనిమిటి సుత మనిషే కదా! ఆయనకు పెండ్లాం, ఆమె సుత మనిషే... యాడ ఆగాల్నో చెప్పనే లేదు నేను. సారు ముంగట ఇట్లయితే నా కొలువు పోతుండె!"

"పెనిమిటి మనిషేనని ముందుగాల యాదికి లేదా?"

దీపిక వేళ్లు పరుగెత్తాయి. భార్య వివరాలన్నీ మళ్లీ అడగకుండా, నమోదైన పేర్లలోంచి ఒకటి ఎంచుకునేలా మార్చింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా ఫోను మళ్లీ ఇచ్చింది. బాలలక్ష్మి హనుమండ్లు ఫారంలో భార్య అన్న చోట నొక్కింది. బిలబిలా పేర్లు దిగాయి: పోశవ్వ, అక్బరీ బేగం, కోమల, బాలలక్ష్మి.

"ఏందే! మీ బాపుకు పెండ్లాన్ని ఏరుకొమ్మంటున్నదా?"

"సంఘంల పేరు రాయించుకున్నోళ్లందరు వస్తరవ్వా. జల్ది నొక్కు!"

ఇంకెవరైనా పోశవ్వ మీద వేలు పెడతారేమోనని, బాలలక్ష్మి తన పేరును గట్టిగా, రెండుసార్లు నొక్కింది.

నాలుగింటికి దీపిక కంప్యూటరులోంచి సారు గొంతు వినిపించింది. "ఆగాల్సిన కాడ ఆగుతుంది. మంచిగున్నది దీపికా. ఒకటో తారీఖు నుంచి నీ కొలువు పక్కా."

దీపిక ఎగిరి గంతేసింది. బాలలక్ష్మి మాత్రం 'నమోదు పూర్తయింది' అని వచ్చిన ఫోను మీద నుంచి కళ్లు తీయలేదు.

"బిడ్డా, ఫోను మొత్తం ఆకుపచ్చగైంది! నేనేమన్న ఖరాబు జేసిన్నా?"