సగం చేరిన హెచ్చరిక

నేను బట్టలు మడతపెడుతుంటే మా ఆయన ఫోన్లో స్నేహితుడికి చెబుతున్నాడు: "రేపు భోజనానికి రండి. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందిలే." ఇంట్లో ఉండడమంటే ఖాళీగా ఉండడమని ఆయన లెక్క.

నిజానికి వారం రోజులుగా నా బుర్రంతా ఒక ఆసుపత్రిలోనే ఉంది. రోగి మంచం పక్కనుండే యంత్రం నుంచి నర్సుల గదికి హెచ్చరికలు చేరవేసే ప్రోగ్రామ్ మా కంపెనీది; నేను ఇంటి నుంచే పని చేస్తాను. సీ అనే కంప్యూటర్ భాషలో రాసింది. రద్దీ వేళల్లో ఏదో ఒక హెచ్చరిక గాల్లో కలిసిపోతోంది. "వాళ్ల వైర్లు పాతవి. మన కోడ్ బంగారం" అన్నాడు మా టీమ్ లీడర్. ఆ బంగారం రాసింది ఆయనే. నాకెందుకో నమ్మకం కుదరలేదు. అత్తయ్య కళ్లజోడు వెతికిపెట్టి, మా ఆయన చొక్కాకి గుండీ కుట్టి, మధ్యమధ్యలో వచ్చి కూర్చుంటూ ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. అది హెచ్చరికను కావాలనే ముక్కలు చేసి, ఆగి ఆగి పంపుతుంది. మొదటి దెబ్బకే మా బంగారం బయటపడింది. ప్రోగ్రామ్‌లోకి హెచ్చరికలు వచ్చిపడే ద్వారాన్ని సాకెట్ అంటారు. దాన్ని అడిగితే, అప్పటికి వచ్చినంత చేతిలో పెట్టి, ఎంత వచ్చిందో కూడా చెబుతుంది. మా కోడ్ ఆ లెక్క వంక చూడనే లేదు. సగం చేరినా మొత్తం వచ్చిందనుకుని, అర్థం కాక పారేస్తోంది. మొత్తం చేరేదాకా మళ్లీ మళ్లీ అడిగేలా మార్చాను. ఒక్కో అక్షరం చొప్పున పంపినా హెచ్చరిక చెక్కుచెదరకుండా వచ్చింది.

నా కేకకి అత్తయ్య పాలు పొంగాయేమోనని పరుగెత్తుకొచ్చింది.

"తప్పు దొరికిందత్తయ్యా."

"ఎవరిది?" అంటూ ఆసక్తిగా కుర్చీ లాక్కుంది.

సంగతంతా చెప్పాను. ఇంతలో నేను పంపిన మార్పు చూసి లీడర్ ఫోన్ చేశాడు. తెగ మెచ్చుకున్నాడు. రేపు మధ్యాహ్నం ఆసుపత్రి వాళ్లతో మీటింగ్ ఉందన్నాడు. "మీకు ఇంటి పనులుంటాయి కదా, నేను మాట్లాడేస్తాలెండి."

పర్లేదండీ అనడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. ఆ రోజు మాత్రం ఆ మాట రాలేదు.

"నేనే మాట్లాడతానండి. పనులకి ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు."

"ఒక్కడే" అని సరిదిద్దింది అత్తయ్య. "నేను నీ మీటింగ్ వినాలి."

ఆ ఒక్కడు గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కూరలేం ఉన్నాయని మెల్లగా అడిగాడు.

మర్నాడు మీటింగ్‌లో నేను చెప్పిందంతా హెడ్ నర్సు ఓపిగ్గా విన్నది. "ఇన్నాళ్లూ మా వైర్లనే అన్నారు. ఇది కనిపెట్టింది ఎవరు?" అంది.

లీడర్ గొంతు సవరించుకున్నాడు. ఏళ్ల తరబడి అలవాటైన 'మా టీమ్' నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"నేను" అన్నాను.